మేక లేని తిట్టు

పెద్దారవీడు

నాయనా అజ్మల్‌కు చెంచమ్మవ్వ దీవించి రాయునది. ఇక్కడ అందరూ కులాసా, నాకు మాత్రం గుండెదడ. ఫోనులో మాట్లాడితే అది కూడా రికార్డు చేస్తావని భయపడి ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు మిషన్లు మోసుకొచ్చి నా కలుపు పాట పట్టుకొని పోయిన రోజే, మా మనవరాలు రమ్యను చూసుకోను ముండ్లమూరు వాళ్ళు వచ్చినారు గదా. నువ్వు పంపిన పాటను రమ్య మురిసిపోయి పెళ్ళికొడుక్కి పంపింది. పాట నడుమ పెళ్ళికొడుకు అవ్వ వెంగమ్మ వదిన, "ఇంకో రెండు వడలు పెట్టు వదినా" అంటుంది. వెంటనే నా గొంతు, "ఎంత మేసినా నీ కడుపు నిండదేమే? ఎందుకొచ్చినావే మా ఇంటికి?" అంటుంది.

నేను తిట్టింది మేకను, నాయనా. వడల గిన్నెలో మూతి పెట్టింది. పాటలో ఆ మేక ఏదీ? ఆ పొద్దు నుంచి ముండ్లమూరు వాళ్ళ ఉలుకూ లేదు, పలుకూ లేదు. సంబంధం తప్పిపోతే రమ్య ముఖం ఎట్ల చూసేది?

ఇట్లు,
నిద్రలేని చెంచమ్మ

మరిచినాను: మేక కూడా ఆ రోజు నుంచి అరవడం లేదు. దాని గొంతును నీ మిషను లాగేసిందేమో చూడు.


మార్కాపురం

చెంచమ్మవ్వకు అజ్మల్ సలాములు.

మేకకు ఏమీ కాలేదు. వడలు అరగక పడుకొని ఉంటుంది. నా పద్ధతి ఒకటే, అవ్వా. గాలి, మోటారు, మేక, ఇట్లాంటి చప్పుళ్ళను కంప్యూటరుతో ఊడ్చేస్తాను. మనిషి గొంతును మాత్రం ముట్టుకోను. ఇప్పుడు పాట రానివాళ్ళ శ్రుతిని కూడా మిషనుతో సాపు చేసి వదులుతున్నారు. ఆ కల్తీ నా స్టూడియోలో జరగదు. నీ దగ్గు, నీ ఆయాసం, నీ తిట్టు అన్నీ నిజం. ఆ తిట్టును కత్తిరించమని మాత్రం అడగొద్దు, పాటకు ప్రాణమే అది.

నీ గొంతు అభిమాని,
అజ్మల్

ఇంకొక మాట: మా అమ్మ షరీఫాబీకి తిట్టు బాగా నచ్చింది. వీధిలో అందరికీ వినిపిస్తున్నది.


పెద్దారవీడు

నాయనా అజ్మల్‌కు, మార్కాపురంలో కూడా పరువు పోయిన చెంచమ్మవ్వ రాయునది.

తిట్టు తీయమని నేను అడిగినానా? తీస్తే వాళ్ళకు అనుమానం ఇంకా పెరుగుతుంది. మేకను పెట్టమంటున్నాను. గొంతు నాదే, మాటలూ నావే. అయినా అబద్ధమే గదా అది? మేక అరిస్తేనే నా మాట నిజమైతది.

ఇట్లు,
అన్నం సహించని చెంచమ్మ

అడగడం మరిచినాను: మీ వీధిలో ముండ్లమూరు చుట్టాలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?


మార్కాపురం

చెంచమ్మవ్వకు అజ్మల్ సలాములు.

మేకను పెట్టేసినాను. మీ మేక అరుపు మీద వెంగమ్మవ్వ మాట పడి సరిగా వినపడలేదు. అందుకని కంప్యూటరులో ఉన్న మేకల్లో మంచిదాన్ని ఏరి తెచ్చినాను. గంట కొట్టినట్టు అరుస్తుంది. నువ్వు దిగులు పడతావని రమ్యను నంబరు అడిగి పెళ్ళికొడుక్కి నేనే పంపినాను.

ఇక హాయిగా నిద్రపో,
అజ్మల్

ఇంకొక మాట: గొంతులో కల్తీ చేయకూడదు గానీ మేకలో చేస్తే తప్పులేదని అమ్మ తీర్పు చెప్పింది.


పెద్దారవీడు

నాయనా అజ్మల్‌కు చెంచమ్మవ్వ దీవెనలు.

నువ్వు పెట్టింది మేకపోతు, నాయనా. మా ఇంట్లో ఉన్నది ఆడమేక. వెంగమ్మ వదిన మేకల నడుమే పుట్టి పెరిగిన మనిషి, ఆమెకు తెలియదా అని నేను వణుకుతుంటే, నిన్న ఆమే బస్సు దిగి వచ్చింది. "ఆ పోతు ఎవరిది వదినా?" అని అడిగింది. నేను ఏడ్చి అంతా చెప్పేసినాను.

"నా వడ ఎత్తుకపోయిన మేకను నేను చూళ్ళేదా? నువ్వు దాన్నే తిట్టినావని అప్పుడే తెలుసు" అనింది.

మరి ఎందుకు పలకలేదంటే సిగ్గుపడింది. రోజూ కోడలు అన్నానికి కూర్చోగానే నా పాట పెట్టి, తాను ఏమీ ఎరగనట్టు ఆకు నములుతూ కూర్చునేదంట. ఇంట్లో ఇంత సుఖం ఎప్పుడూ లేదంట. నీ పోతు వచ్చి అరిచేసరికి, ఆ తిట్టు మేకకని కోడలికి తెలిసిపోయింది. "ఆ పిల్లోడికి చెప్పి మేకను తీయించు వదినా" అని బతిమాలింది. ముహూర్తం కూడా పెట్టుకొని పోయింది. మీ అమ్మతో కలిసి పెళ్ళికి రావాలి. మిషన్లు ఇంట్లో పెట్టి రా.

ఇట్లు,
కడుపునిండా తిన్న చెంచమ్మ

మరిచినాను: రేపు రమ్య కూడా ఆ ఇంట్లోనే గదా అన్నానికి కూర్చునేది. వెంగమ్మ వదినకు ఇచ్చేదాంట్లో నా తిట్టు తీసేసి, "ఇంకో రెండు వడలు తిను తల్లీ" అని నా గొంతుతోనే కంప్యూటరు చేత అనిపించు. అది కల్తీ కాదు. నేను అనాలనుకున్న మాటే.