బుడంకాయకు ముగ్గురు సాక్షులు

ఆళ్లగడ్డ, నవంబరు 1

చెన్నకేశవులు సారుకు, బస్టాండుకాడ పండ్ల అంగడి ఖాదర్ బాషా సలాం చేసి రాసేది.

మీరు నంద్యాల లైబ్రరీ గోడకు అంటించిన 'మన సీమ మాటలు' కాగితాలు మా అల్లుడు ఫోన్లో చూపించినాడు. పుస్తకం అచ్చుకు పోకముందే తప్పులుంటే ఉత్తరం రాయమన్నారు కదా, రాస్తాండా. 'బుడంకాయ: చేలల్లో దానంతటదే మొలిచే చిన్న చేదు దోస. తినడానికి పనికిరాదు.' ఏంది సార్ ఇది? మాయమ్మ హమీదా ఆ కాయలే గంపలో పెట్టుకోని ఊరూరా అమ్మి మమ్మల్ని నలుగురిని సాకింది. పనికిరాని కాయతోనే నేను ఇంతెత్తు పెరిగినానా? ఆ మాట కొట్టేయండి.

ఇట్లు, కోపంతోనే, ఖాదర్ బాషా

తా.క. మాయమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే ఆమె బస్సెక్కుతాది. తర్వాత నా పూచీ లేదు.

నంద్యాల, నవంబరు 5

ఖాదర్ బాషా గారికి నమస్కారాలు.

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని. ఎవరికో కోపం వచ్చిందని అర్థం మార్చను. మూడు ఊళ్ల నుంచి ముగ్గురు, ఆ మాటకు అర్థమేమిటో, దాన్ని ఎలా వాడతారో కాగితం మీద చెప్పి సంతకం పెట్టాలి. మీ ఇంటివాళ్లు చెల్లరు. ఫోన్‌లో చెప్పింది అసలే చెల్లదు. ఇరవయ్యో తేదీన పుస్తకం అచ్చుకు పోతుంది.

భవదీయుడు, చెన్నకేశవులు

తా.క. మీ ఉత్తరంలో అక్షరదోషాలు లేవు. సంతోషం.

ఆళ్లగడ్డ, నవంబరు 9

సారుకు సలాం.

మా యాపారంలో వట్టి మాట ఎవరూ నమ్మరు. పండు కోసి ముక్క చేతిలో పెడితేనే బేరం. అందుకే సాక్ష్యంగా గంపెడు బుడంకాయలు నంద్యాల బస్సులో పంపిస్తాండా. పచ్చివి పచ్చడికి, కోసి ఎండబెడితే వరుగులు, మాగినవి అట్లనే తినొచ్చు. తిని రాయండి.

ఇట్లు, మీ మేలు కోరే ఖాదర్ బాషా

తా.క. మాయమ్మకు తెలిసిపోయింది. "ఆ సారుకు బళ్లో అన్నీ నేర్పినారు, తినేది ఒగటి మర్సినారు" అంటాంది.

నంద్యాల, నవంబరు 13

బాషా గారికి,

సాక్ష్యం అడిగితే గంప పంపుతారా? దీన్ని లంచమంటారు. నేను ముట్టలేదు, వంటింట్లో ఒక మూల పెట్టించాను. నాకు కావలసింది కాయలు కాదు, మనుషులు. వారం రోజులే ఉంది. ముగ్గురు రాకపోతే 'పనికిరాదు' అనే అచ్చవుతుంది.

చెన్నకేశవులు

తా.క. బస్సు డ్రైవరు గంప దించి, మూడు కాయలు తీసుకుని వెళ్లాడు. ఆయన సాక్ష్యం లెక్కలోకి రాదు.

ఆళ్లగడ్డ, నవంబరు 16

సారూ,

మనుషులు కావాలంటిరి, పంపిస్తాండా. చాగలమర్రి లూదియమ్మ, మిడుతూరు వెంకటరమణమ్మ. ఇద్దరూ ఆధార్ కార్డులు తెస్తారు. మూడో మనిషి దొరకలేదు సార్. దొరక్కపోతే మాయమ్మ ముఖం ఎట్ల చూడాలో తెలియడంలేదు.

ఖాదర్ బాషా

తా.క. వాళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాకండి.

నంద్యాల, నవంబరు 19

సోదరుడు ఖాదర్ బాషాకు,

పక్కపక్కనే కూర్చోబెట్టాను. చారలున్నదే అసలు బుడంకాయ అని ఒకరు, కాదని ఒకరు రెండు గంటలు అరుచుకున్నారు. తినొచ్చు అనే దగ్గర మాత్రం ఒక్కటై నన్ను తిట్టి సంతకాలు పెట్టారు. "మూడో మనిషేరీ? నిబంధన నిబంధనే" అన్నాను. అప్పుడు మా ఆవిడ సరస్వతమ్మ వంటింట్లోంచి వచ్చి కలం లాక్కుంది. ఆమె పుట్టిల్లు సున్నిపెంట.

"పెండ్లైన కొత్తలో అడవికాయలు తిననంటిరి. ముప్పై రెండేండ్లుగా, దోసకాయ పచ్చడని లొట్టలేసుకోని తింటాండేది ఏందనుకున్యారు? పేరు మార్చినా గానీ కాయ మార్చలేదు" అంది.

లూదియమ్మ చప్పట్లు కొట్టింది. నేను మూడో సంతకానికి కాగితం ఆమె ముందుకు జరిపాను. మీ ఇంటివాళ్లు చెల్లరని రాశాను గానీ, మా ఇంటివాళ్లు చెల్లరని ఎక్కడా రాయలేదు.

రేపు అచ్చుకు పోయేది ఇది. మీ అమ్మగారికి గట్టిగా చదివి వినిపించండి:

'బుడంకాయ: సీమ చేలల్లో మొలిచే చిన్న దోస. పచ్చడికి, వరుగులకు శ్రేష్ఠం. ఈ కాయలమ్మి నలుగురు బిడ్డలను పెంచిన తల్లి: హమీదా, ఆళ్లగడ్డ.'

మీ చెన్నకేశవులు

తా.క. వాడుకకు ఒక వాక్యం కావాలి కదా. సరస్వతమ్మ పట్టుబట్టి ఇది రాయించింది: '"బుడంకాయ పచ్చడి ఇంకొంచెం వెయ్యి." — చెన్నకేశవులు, నంద్యాల.'