పాలపిట్టల వాళ్ల ఎదురు

మొర్రిగూడెం,
22-10-1961, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు మొగిలిని అక్క అనసూర్య మనసారా దీవించి వ్రాయునది. ఇక్కడ బాపు కాలు తప్ప తక్కినదంతా క్షేమం. అక్కడ నీ బుద్ధి తప్ప తక్కినదంతా క్షేమమేనని తలుస్తాను.

నీ ఉత్తరం దసరాకు ముందే అందింది. పండుగకు రానన్నావని మాత్రం బాపుకు చెప్పాను. ఇంటిపేరు మార్చుకుంటానన్న ముక్క చదవలేక నోట్లోనే మింగేశాను. నేను మన ఊరి బాలవాడిలో పిల్లలకు కథలు చెప్పే పంతులమ్మను కదా, లేనిది కల్పించడం, ఉన్నది దాటేయడం బాగానే వచ్చు.

బొగ్గుబాయి మీద నీకు జరిగింది చదివి ఏడ్చాను. ముందు అది చెప్పి తరువాత తిడతాను. మొదటి షిఫ్టు దిగేవాళ్లు నీ కోసం ఆగేవాళ్లని, పాలపిట్టల మొగిలి మొఖం చూసి దిగితే ఆ రోజంతా మంచిదేనని చెప్పుకునేవాళ్లని, పిలిచి చాయ్ పోయించేవాళ్లని పోయినేడు నువ్వే సంబరంగా రాశావు. ఈ వానకాలం లోపల పైకప్పు కూలి కొమురెల్లి చనిపోయాడు. ఆ పొద్దున అతను నీ మొఖం చూసే దిగాడట. అప్పటి నుంచి నువ్వు ఎదురైతే తల తిప్పుకుంటున్నారని, నీ పక్కన కూర్చుని సద్ది తినేవాళ్లు లేరని, పిట్టగాడు వస్తుండు, జర ఆగుండ్రి అని ఒకరినొకరు ఆపుకుంటున్నారని రాశావు. కొమురెల్లి నీ జతగాడు. వాని కోసం నువ్వు ఏడవాల్సిన ఏడుపును కూడా ఏడవనీయకుండా చేశారు. వాళ్లు నా చేతికి దొరికితే బడి పిల్లల్లాగా చెవులు మెలిపెట్టేదాన్ని.

ఇక తిట్లు. ఇనాం వచ్చిన నెలలో అది నీ మొఖం చలువేనని వాళ్లంటే నువ్వు కాదన్నావా? చాయ్ తాగావు, మీసం దువ్వుకున్నావు. నీ మొఖం ఇనామూ తేలేదు, పైకప్పూ కూల్చలేదు. మొదటిది నమ్మావు కాబట్టే రెండోది నిన్ను పట్టుకుంది. ఇప్పుడేమో పని మానేసి, నిన్నెవరూ ఎరగని నాందేడ్ దిక్కు పోయి, వేరే ఇంటిపేరుతో బతుకుతానంటున్నావు. పెండ్లి పత్రికలో కూడా ఆ కొత్త పేరే వేయిస్తావట! పిల్లనిచ్చేవాళ్లు మీది ఏ ఇంటిపేరని అడిగితే తడుముకుంటావా?

ఒక్క మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. గడీలు కూలిపోయినా దొర పెట్టిన పేరు మనం మోస్తుంటే అదీ వెట్టే కదా అని రాశావు. చిన్నప్పటి నుంచి బాపు చెప్పిందే మనిద్దరం విన్నాం. తాత పాలపిట్టను పట్టి దసరా నాడు గడీకి మోసుకుపోతే, దొర మెచ్చుకుని వీడు పాలపిట్టలోడు అన్నాడని, అదే ఇంటిపేరుగా నిలిచిందని. దొర మెచ్చుకోలు నాకూ రుచించదు. అందుకే ఆ ముక్కకు జవాబు రాయకుండా దసరా నాడు ఏం జరిగిందో రాస్తున్నాను.

బాపు మొర్రిచెట్టు మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడని రాశాను కదా. కట్టు కట్టి మంచంలో పడుకోబెట్టారు. పండుగ దగ్గర పడుతుండగా పటేలు లక్ష్మీకాంతరావు మన వాకిట్లోకి వచ్చాడు. మొగిలి వస్తుండా అని అడిగాడు. రాడని చెప్పాను. అయితే ఈ ఏడు పిట్ట వద్దులే గట్టయ్యా, జమ్మి దగ్గర ఎవలకు వాళ్లు తలెత్తి మొగులు దిక్కు చూసుకుంటరు, కనబడ్డోనికి కనబడ్తది అని బాపుతో అన్నాడు. చెడ్డగా అనలేదు. బాపు కష్టం చూసే అన్నాడు. కాని బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడాదంతా ఎవరూ పట్టించుకోని మనిషికి ఊరంతా చేతులు జోడించే రోజు అదొక్కటే. ఒక్క ఏడు ఆగితే ఇక మళ్లీ ఎవరూ పిలవరని బాపుకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను మోస్తా అన్నాను.

పటేలు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. సదువుకున్నదానివి, నీకు తెల్వదా బిడ్డా, నీ మొగడు రాజం పోయి ఇంకా రెండేండ్లు గాలే, ఏడాదికొక్క పండుగ, గా నాడు ఊరందరికి నువ్వు ఎదురొస్తే ఎట్ల అన్నాడు. పైగా పెండ్లయినంక నీ ఇంటిపేరు గూడ ఇది గాదాయె అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నా మొగడు విషజ్వరంతో పోయాడు, నా ఎదురు వల్ల కాదు. ఆయన నాకు అక్షరాలు నేర్పి, ఏడో తరగతి పరీక్ష రాయించి పోయాడు. పటేలా, నా మొఖం వద్దంటే పిట్ట మొఖమే చూడుండ్రి, నన్నెవలు చూడమన్నరు అన్నాను. నీ ఇష్టం, తలుపులు తీస్తరో లేదో నేను జెప్ప అని వెళ్లిపోయాడు.

బాపు ఇటు తిరిగాడు. వద్దనలేదు. ఎరకు కీచురాయిని పట్టుకురా అని మాత్రం అన్నాడు.

పిట్టను పట్టడం నువ్వు నేర్చుకున్నావు, నేను నేర్చుకోలేదు కదా. బాపు మంచంలో నుంచి చెబుతుంటే ఎద్దు తోక వెంట్రుకలతో ఉచ్చులు పేనాను. మధ్యలో కీచురాయిని కట్టి, రైలుకట్ట పక్కన తంతి తీగ మీద కూర్చునే పిట్ట కోసం చెలకలో కాపు కాశాను. మొదటి రోజు అది కీచురాయిని తిని, ఉచ్చు తెంపుకుని, తీగ మీద కూర్చుని నన్ను చూసి కర్రుమంది. దాని మొఖంలో అచ్చం నీ వెక్కిరింతే! మరునాడు చిక్కింది. తీస్తుంటే వేలు కొరికింది. పండుగ దాకా మిడుతలు పట్టి పెట్టాను. పిడికెడు కూడా లేని పిట్ట, ఎంత తింటుందనుకున్నావు!

దసరా నాడు మధ్యాహ్నం తలంటుకుని, ఉన్నంతలో మంచి చీర కట్టుకున్నాను. పిట్టను వెదురుబుట్టలో పెట్టి పైన తెల్లగుడ్డ కప్పాను. మనవాళ్ల పద్ధతి బాయిల పడి మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. మన వాడ మొదటి ఇంటి నుంచి బయలుదేరి, ప్రతి ఇంటి ముందు ఆగి, ఇంటివాళ్లు గడపలోకి వస్తే గుడ్డ తీసి చూపాలి. ఏ ఇల్లూ విడవకూడదు. అన్ని ఇళ్లూ అయ్యాక జమ్మి దగ్గర పిట్టను వదలాలి. అది ఎగిరాకే జమ్మి పూజ. అదంతా పొద్దు కుంకకముందే.

మొదటి ఇల్లు శంకరవ్వ పెద్దమ్మది. నేను బిందె తీసుకుని బయటికి వస్తే తలుపు వేసుకునే పెద్దమ్మ. ఆ రోజూ వేసే ఉంది. పెద్దమ్మా, పిట్ట వచ్చింది అని పిలిచాను. పలుకు లేదు. నా వెనక డప్పువాళ్లు, వాళ్ల వెనక ఊరి మొగవాళ్లు. ఎవరో పక్కింటికి పోదాం పా అన్నారు. నేను కదలలేదు. బుట్ట పట్టుకుని ఆ తలుపు ముందే నిలబడ్డాను.

డప్పులు ఆగిపోయాయి. భయం వేసింది తమ్ముడూ, అబద్ధం ఎందుకు. ఆ తలుపు తెరుచుకోకపోతే మంచంలో ఉన్న బాపుకు ఏం చెప్పాలా అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. పటేలు మనిషిని పంపాడు, పొద్దు గూకుతుంది, ముందుకు నడువుమని. మా బాపు ఏ నాడూ ఏ ఇల్లు ఇడిచిపెట్టలే, నేను గూడ ఇడిచిపెట్ట, ఈ తలుపు తీసేదాక పిట్ట ఈన్నే ఉంటది, జమ్మి గూడ ఆన్నే ఉంటది అని గట్టిగా చెప్పాను, లోపలికి వినబడేటట్టు. ఆ మాట చేరి పటేలుకు కోపం వచ్చిందట. కాని పద్ధతి తప్పమని ఆ నోటితో అనలేకపోయాడు. అది ఆయన తండ్రి కూడా పాటించిన పద్ధతి.

ఊరంతా శంకరవ్వ తలుపు ముందు ఆగిపోయింది. ఇక అరుపులు మొదలయ్యాయి, నా మీద కాదు, పెద్దమ్మ మీద. తియ్యరాదే ముసలిదానా, పండుగ ఆగిపోతుంది అని. బుట్టలో పిట్ట కూడా ఒకసారి అరిచింది. తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ గడపలో నిలబడింది, చేతులు జోడించి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని! చూపియ్యవే అంది. నాకు నవ్వు ఆగలేదు. కండ్లు మూసుకుంటే పాలపిట్ట కనబడదు పెద్దమ్మా అన్నాను. ఊరంతా నవ్వింది. పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది, తరువాత రెండోది. గుడ్డ తీశాను. నన్ను ముందు చూసిందో పిట్టను ముందు చూసిందో నాకు తెలియదు. చూసి, నీ కడుపు సల్లగుండ, ఎంత సక్కగున్నదే అంది. ఎవరిని అందో కూడా నేను అడగలేదు.

ఆ తరువాత తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. అన్నీ కాదు. వెనక వాడలో ఒక ఇంటివాళ్లు తాళం వేసి చుట్టాల ఊరికి పోయారు. ఆ తాళం ముందు కూడా కాసేపు ఆగి, గుడ్డ తీసి చూపించాకే ముందుకు పోయాను. జమ్మి దగ్గర బుట్ట తెరిస్తే పిట్ట ఒక్క క్షణం కూర్చుని, రెక్కలు విప్పి లేచింది. ఆ నీలం చూసి అందరూ మొక్కారు. పటేలు నా చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. ఇంటికి వచ్చి బాపు కాళ్ల దగ్గర కూర్చుని బాగా ఏడ్చాను, సంతోషంతోనే.

ఇప్పుడు నీ పని చెబుతాను. ఈ ఉత్తరం అందిన మరునాడే కొమురెల్లి ఇంటికి పో. అతని భార్య ఐలవ్వను ఇంతవరకు పోయి చూడలేదని నీ ఉత్తరం చదివితేనే తెలిసింది, నువ్వు రాయకపోయినా. నీ మొఖం చూసి ఆమె ఏమంటుందోనని భయం. తమ్ముడూ, ఇప్పుడు ఆమె ఎదురొస్తే కూడా ఆగిపోయేవాళ్లు ఉంటారు. నాకు తెలుసు. పొద్దున్నే ఆమె వాకిట్లో నిలబడి పిలువు. తిడితే పడు. తలుపు తీయకపోతే తీసేదాకా నిలబడు. ఆ తరువాత మొదటి షిఫ్టుకు పోయి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడు. తల తిప్పుకునేవాళ్లను తిప్పుకోనీ. ఎంతకాలమని తిప్పుకుంటారు, మెడలు నొప్పి పెట్టవా?

పేరు సంగతి నువ్వే తేల్చుకో. బలవంతం చేయను. కాని పారిపోవడానికి మాత్రం మార్చుకోకు.

ఇట్లు,
నీ అక్క,
పాలపిట్టల అనసూర్య.
(లెక్క ప్రకారం ఇది నా ఇంటిపేరు కాదని పటేలు అన్నాడు. అయినా రాసుకున్నాను.)

తా.క.: కవరు అంటించే ముందు ఇదంతా బాపుకు చదివి వినిపించాను, ఈసారి ఏదీ మింగకుండా. నువ్వు పేరు మార్చుకుంటానన్నదీ విన్నాడు. తాత, గడీ, దొర మెచ్చుకోవడం వచ్చిన చోట మాత్రం ఆపమన్నాడు. అదంత అబద్ధం బిడ్డా, నేనే కల్పించిన అన్నాడు. పిట్టను పట్టింది తాత కాదట. బాపు తల్లి, మన బాపమ్మ పోచవ్వ. తాత పోయాక అత్తగారి వాళ్లు వెళ్లగొడితే, చంకలో బాపును ఎత్తుకుని గోదావరి దాటి ఈ ఊరికి వచ్చిందట. పొద్దున కూలికి పోతుంటే ఎదురొచ్చిందని ఎడ్లు కట్టుకుని పోయేవాళ్లు తిట్టేవాళ్లట. కొన్నాళ్లు ముళ్లకంప దారిన చాటుగా పోయిందట. ఆ ఏటి దసరాకు పాలపిట్టను పట్టి, మొఖానికి ముందు పెట్టుకుని, ఊరి నడిమి బాటన నడిచిందట. తల తిప్పుకుంటే పిట్ట దర్శనం పోతుందని ఎవరూ తిప్పుకోలేదట. ఏ ఇల్లూ విడవకూడదన్న పద్ధతి ఆమె పెట్టిందే. దొర ఏ పేరూ పెట్టలేదు. ఊరే పాలపిట్టలామె అంది. పెద్దయ్యాక బాపు ఆ బుట్ట అందుకున్నాడు. ముండమోసిన తల్లి తెచ్చిన పేరంటే నలుగురిలో చిన్నతనమని తాత మీద, దొర మీద పెట్టి చెప్పాడు. అప్పటి పెద్దలు ఒక్కరొక్కరే పోయాక ఊరికీ అదే నిజమైంది.

మరి తాతది ఏ ఇంటిపేరు బాపూ అని అడిగాను. తెల్వదన్నాడు. మా అవ్వ ఎన్నడు చెప్పలే, నేను ఎన్నడు అడగలే అన్నాడు. తరువాత, మొగిలి గీ పేరు ఇడిచిపెడితే మా అవ్వను ఎవలు యాదికి పెట్టుకుంటరు బిడ్డా అని నన్ను అడిగాడు. ఆ జవాబు నువ్వు చెప్పవలసింది.