వంటవాడి సమాధికి ఒక దండ

నేను, సైకిల్ షాపాయన రెండో కొడుకును, ఇరవై రెండేళ్లవాణ్ణి, ఒళ్లు తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా, సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. నా బుర్రకు తిక్క ఉందని నాన్న వీధి వీధంతా చెబుతుంటాడు. దానికి డాక్టరు సర్టిఫికెట్ లేదు గనుక ఆ మాట చెల్లదు.

ఇందుకు కారణం మా తాతయ్య. ఆయన సైన్యంలో వంటవాడు. మంచులో, తుపాకీ గుళ్ల మధ్య, సిపాయిలకు అన్నం మోసినవాడు. సైనికుల శ్మశానంలో గోడవారన ఆయన సమాధి ఉంది. ఏటా స్మారక దినాన మాజీ సైనికుల కమిటీ అన్ని సమాధులకూ దండలు వేస్తుంది, ఆయన సమాధికి తప్ప. ఎందుకని అడిగితే కమిటీ అధ్యక్షుడు మీసాలాయన, "గరిటె పట్టినోడికీ తుపాకీ పట్టినోడికీ ఒకటే దండా బాబూ?" అన్నారు. గరిటె లేకపోతే ఆ తుపాకీ ఎత్తే సత్తువ ఎక్కణ్ణించి వచ్చిందని నిలదీశాను. కరపత్రాలు చదవడం తగ్గించమని సలహా ఇచ్చారు.

అందుచేత రేపు, స్మారక దినాన, తాతయ్య సమాధి మీద నిరాహార దీక్షకు కూర్చుంటున్నాను. దండ పడేదాకా లేవను. ప్రాణం పోతే నా ఆస్తి ఈ కింది విధంగా చెందాలి. అమలు బాధ్యత అక్కది.

1. నా సైకిల్ చెల్లెలికి. దానికి బ్రేకులు లేవు. చెల్లి నోటికీ లేవు. ఇద్దరికీ కుదురుతుంది.

2. నా కరపత్రాల పెట్టె క్షౌరశాలకు. గడ్డానికి సబ్బు పట్టించుకున్నవాడు లేచి పారిపోలేడు.

3. మీసాలాయనకు నా భూతద్దం. కమిటీ ఆఫీసు గోడ మీద నిరుటి ఫోటోలన్నీ ఆయన దాంతో చూసుకోవాలి. అన్నిటిలోనూ ఒకటే దండ, అదే విరిగిన ప్లాస్టిక్ గులాబీ! సమాధి మీద పెట్టడం, బరువైన ముఖంతో ఫోటో దిగడం, దండ లాక్కుని పక్క సమాధికి పరుగెత్తడం. అమరులందరికీ కలిపి ఒక్క దండ. సమానత్వం గురించి ఇన్ని చదివాను గానీ ఇంత కచ్చితంగా పాటించినవాళ్లను చూడలేదు. అందులోనూ వంటవాడికి వంతు రాలేదు.

4. నాన్నకు నా కోపం. ఎవరిది వారికే చేరుతుంది.

5. నాయనమ్మకు నా ఉన్ని శాలువా. చలికాలం ఆమె మోకాళ్లకు.

ఇక్కడిదాకా రాసి నాయనమ్మకు చదివి వినిపించాను. ఆమె శాలువా ఊసే ఎత్తలేదు. "ఒరేయ్, మీ తాత ఎవణ్ణయినా ఆకలితో లేవనిచ్చాడా? పట్టుబడ్డ శత్రువుకి కూడా ముందు కంచం పెట్టి, ఆ తర్వాత పేరడిగిన మనిషి. ఆయన నెత్తిన కూర్చుని పస్తుంటావా? ఆ మీసాలోడు కూడా ఇంత అవమానం చెయ్యలేదు కదరా!" అని కడిగేసింది. దీనికి జవాబు నా పెట్టెలోని కరపత్రాలన్నిటిలో వెతికాను. లేదు.

6. కాబట్టి సవరణ. దీక్ష రద్దు. చావు వాయిదా. పై అంశాలన్నీ నేను బతికుండగానే అమలులోకి వస్తాయి, సైకిల్ తప్ప. రేపు దాని మీద బియ్యం బస్తాలు మోయాలి, చెల్లి అలగకూడదు.

7. తాతయ్య పెద్ద గరిటె నాకు. నాయనమ్మ ఇప్పుడే అటక మీంచి దింపించింది. రేపు గోడవారన పొయ్యి పెడతాం. వచ్చినవాళ్లందరికీ భోజనం. మీసాలాయనకు కూడా, గొణగకుండా, ఒక గరిటె ఎక్కువే. దండ మా పెరటి పూలతో మేమే వేస్తాం. ఫోటోలు ఎవరైనా తీసుకోవచ్చు. దండ మాత్రం తీయనివ్వం.

తేదీ: స్మారక దినానికి ముందురోజు
సంతకం: వంటవాడి మనవడు
సాక్షులు: అక్క (కోపం అంశం తీసేయమంది, తీయలేదు), నాయనమ్మ (వేలిముద్ర). అది సిరా కాదు, పిండి. ఆమె అప్పుడే పని మొదలుపెట్టేసింది.