నాయన జుబ్బా ఆది

అక్కకు తమ్ముడు మస్తాన్ సలాములు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా కులాసానా అని ఎప్పటిలా రాయలేకపోతున్నాను. ఎందుకో కింద రాస్తాను.

బెంగళూరులో ఎటు చూసినా లైనే అక్కా. మేముండే గదుల వరసను లైను అంటారు. పొద్దున్నే నీళ్లకు లైను, కంపెనీ గేటు దగ్గర లైను, లోపల మిషన్ల వరస కూడా లైనే. కంభంలో నాయన పక్కన కూర్చుని చొక్కా మొత్తం కుట్టినవాణ్ణి, ఇక్కడ పొద్దస్తమానం కాలర్లే. కాస్త నడుము వాలిస్తే "లైన్ ఆపొద్దు" అని సూపర్‌వైజర్ అరుస్తాడు. ఈ పని దొరికినప్పుడు బావ "మావోడు లైన్లో పడినాడు" అని ఊరంతా చెప్పినాడంట కదా. పడ్డాను. లేవడమే కష్టంగా ఉంది.

ఇక్కడ ఒకటే ముసురు. సాంబారు తియ్యగా ఉంటుంది. నువ్వు పంపిన కారప్పొడితో నెట్టుకొస్తున్నాను, అదీ అయిపోవచ్చింది. వేళకు తింటున్నాను, బెంగపడొద్దు.

ఇక అసలు సంగతి. రంజాన్‌కు నాయనకు జుబ్బా కుడదామని, కొలతకు ఆదిగా పాత జుబ్బా ఒకటి పంపమన్నాను కదా. నువ్వు ఆయన ఇప్పుడు తొడుక్కుంటున్నదే పంపినావు. కావాలనే పంపినావేమో కూడా. తిరగేసి చూశాను. రెండు పక్కలా లోపలికి కుట్టు వేసుంది. అది చాలక ఇంకా లోపలికి మరో కుట్టు. నాయన అంతగా చిక్కిపోయినాడా? అదీ మిషన్ కుట్టు కాదు, అమ్మ చేతికుట్టు. అంటే నాయన మిషన్ తొక్కడం లేదన్నమాట.

ఫోన్లో అడిగితే అమ్మ "మీ నాయనకేంది, బాగుండాడు. ఇప్పుడే అంగడికి పోయినాడు. లైన్ సరిగా లేదు మస్తానూ, పెట్టేస్తుండా" అంటుంది. నాకు ఆమె ముక్కు ఎగబీల్చడం కూడా వినపడుతుంది అక్కా.

అందుకే నీకు ఉత్తరం రాస్తున్నాను. ఏం జబ్బు? ఒంగోలుకు తీసుకుపోయి చూపించినారా? దాచొద్దు. నాకు భయంగా ఉంది.

గుడ్డ కొన్నాను గానీ కత్తెర పెట్టలేదు. ఈ ఆదితో కుట్టడానికి చేతులు రావడం లేదు. లైను ఆగితే ఆగనీ, ఈ వారంలోనే రైలెక్కుతాను. మస్తాన్ జుబ్బా కొలతకు వస్తున్నాడని మాత్రం నాయనకు చెప్పు.

అమ్మకు, బావకు సలాములు. పిల్లలకు ముద్దులు. నాయనను నాకోసం దువా చేయమను. జుబ్బా పక్కల్లో గుడ్డ ఎక్కువే వదిలి కుడతాను. ఆయనకు మళ్లీ ఒళ్లు వచ్చినప్పుడు విప్పుకోవచ్చు.

నీ తమ్ముడు
మస్తాన్