అంజన్న కలలోకి రాలేదు

19 జనవరి 2025, ఆదివారం
సూది రోజు. మా ఆయన అనిల్ ఫ్రిజ్‌లోంచి తీసి, అరచేతుల మధ్య కాసేపు పెట్టుకుని, నా తొడకు పొడిచాడు. సాయంత్రానికి జ్వరం వస్తుంది. ప్రతి ఆదివారం ఇదే పండగ.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. హైదరాబాద్ డాక్టర్ చెప్పి పద్నాలుగు నెలలైంది. మా ఇంట్లో మాత్రం నరాల వాతం. గద్వాలలో చుట్టాలకు చెప్పుకోవడానికి ఆ పేరే సులువట.

మొన్న వెళ్ళినప్పుడు డాక్టర్ కాళ్ళ గురించి కాదు, మనసు ఎట్లుందని అడిగాడు. ఏడ్చేశాను. పొద్దున లేవబుద్ధి కాదని, ఎవరిని చూసినా మండుతుందని చెప్పాను. అది కూడా ఈ జబ్బులో భాగమే అన్నాడు. సూది మానొద్దు, రోజూ ఎక్సర్‌సైజ్ చెయ్యి, జబ్బు పోదు గానీ కాళ్ళూ మూడ్ రెండూ బాగుంటాయి అన్నాడు. ఫిజియో రాకేష్ సార్ ఆరు బొమ్మలు గీసిన కాగితం ఇచ్చాడు.

20 జనవరి
చాప పరుచుకుని రెండో బొమ్మ దాకా వచ్చాను. అత్తమ్మ చూసి కేక పెట్టింది. కాళ్ళు గట్ల ఆడిస్తే ఉన్న నరాలు గూడ తెగుతయ్ బిడ్డా, సప్పుడు చెయ్యక పండుకో, పని మేం చేస్తం అని. కాగితం తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది.

పని మేం చేస్తం అంటే ఏమిటో నాకు తెలుసు. చీర నడుమ అనిల్ నేస్తే, పక్కన కూర్చుని అంచు పోగు దూర్చే నాడె అందించి, అందుకునేదాన్ని నేను. ఏడేళ్ళు. మగ్గం గుంటలోకి కాళ్ళు దించలేకపోతున్నానని ఆగస్టులో లేపేశారు. ఇప్పుడు అక్కడ తోటికోడలు యమున కూర్చుంటుంది. యమున మంచిది. అదే ఇంకా మంట.

22 జనవరి
వీధిలో నడుద్దామని బయల్దేరాను. కిరాణా కొట్టు దాకా వెళ్ళాను. జంగమ్మ ఎదురింటి అరుగు మీద నుంచి, ఏందే వైష్ణవీ, కాలు గట్ల ఈడుస్తున్నవ్ అని వీధంతా వినపడేటట్టు అడిగింది. అత్తమ్మ ఉరికొచ్చి చెయ్యి పట్టి ఇంట్లోకి గుంజుకుపోయింది.

25 జనవరి
గుడి చుట్టూ తిరిగేవాళ్ళను ఎందుకు తిరుగుతున్నావని ఎవరూ అడగరు.

ఈ ముక్క తోచగానే అత్తమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. అంజన్న కలలోకి వచ్చాడని, నలభై ఒక్క రోజులు నా చుట్టూ తిరుగు, నిన్ను నడిపిస్త అన్నాడని. ఏ కలా రాలేదు. అత్తమ్మ రెండు చేతులూ జోడించి నాకే దండం పెట్టింది. సిగ్గేసింది. కాసేపే.

దీక్ష అయ్యాక నడవగలిగితే మగ్గం మీద నా చోటు నాకిస్తావా అని అనిల్‌ను అడిగాను. నీ చోటు ఏడికి పోతది, నడువు ముందు అన్నాడు.

28 జనవరి, మంగళవారం, ఉదయం 8
మా వాడ ఆంజనేయుడి గుడిలో పదకొండు ప్రదక్షిణలు. గోడ పట్టుకుని. అరగంట పట్టింది. ఇంటికొచ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నాను. ఎవరి మీదా కోపం లేదు. ఎన్నాళ్ళైందో ఇట్లా ఉండి.

2 ఫిబ్రవరి, ఆదివారం
దీక్షల ఉండంగ జ్వరమేంది, సూది బంద్ పెట్టున్రి, అంజన్న చూసుకుంటడు అంది అత్తమ్మ. అనిల్ నా వైపు చూశాడు.

నేను మాట్లాడాల్సింది. కానీ డాక్టర్ మాట ఎత్తితే కల సంగతి ఏమవుతుంది? దేవుడే చెప్పాడన్న నోటితో దేవుడి మీద నమ్మకం లేదని ఎట్లా అనను? ఇంకోటి కూడా రాయాలి, ఎవరు చదువుతారు గనక. జ్వరం లేని ఆదివారం అనగానే నాకు సంతోషమేసింది. తల ఊపాను.

8 ఫిబ్రవరి
ఇరవై ఒకటి. గోడ పట్టుకోలేదు.

11 ఫిబ్రవరి
నెలసరి. ఐదు రోజులు గుడికి పోవద్దు, మూల కూర్చోవాలి. మూడో రోజుకే కాళ్ళు కర్రలయ్యాయి. మనసు అంతకంటే ముందే చెడింది. యమున నీళ్ళు ఇవ్వడం ఆలస్యమైందని చెంబు విసిరికొట్టాను. పాపం, చెంబు ఏరుకుని మళ్ళీ నీళ్ళు తెచ్చింది. తిట్టుంటే బాగుండేది.

14 ఫిబ్రవరి
మళ్ళీ గుడి. హమ్మయ్య.

2 మార్చి
యాభై నాలుగు. వాడలో ఆడవాళ్ళు నన్ను చూడ్డానికే గుడికి వస్తున్నారు. అత్తమ్మ ఒక్కొక్కరికీ కల కథ చెప్తుంది. నేను చెప్పిన దానికంటే పెద్దదైంది కల. అందులో ఇప్పుడు వెలుగు కూడా వచ్చింది.

చెమట నాది, నొప్పి నాది, పేరు అంజన్నది. ఉడికిపోయాను. దొంగ కల చెప్పిందే నేను, ఇంకెవరిని తిట్టను?

9 మార్చి
నెలసరి వచ్చింది. ఇంకా ఆరు రోజుల దీక్ష ఉంది. ఫిబ్రవరి గుర్తొచ్చింది. మళ్ళీ ఆ మూల, ఆ కాళ్ళు, ఆ ఏడుపు వద్దు. ఎవరికీ చెప్పలేదు. స్నానం చేసి గుడికి వెళ్ళి డెబ్బై తిరిగాను. ఇంటికొచ్చి పెరట్లో గుడ్డ పారెయ్యబోతుంటే యమున చూసింది. తల తిప్పుకుంది.

15 మార్చి, శనివారం
బీచుపల్లి అంజన్న గుడికి వెళ్ళి దీక్ష విడిచాం. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని నూటెనిమిది తిరిగాను. అత్తమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. అంత సంతోషం ఆమె ముఖంలో నా పెళ్ళి రోజు కూడా చూడలేదు. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నా నోట్లో కొబ్బరి ముక్క పెట్టింది, తిన్నాను.

17 మార్చి
మగ్గం. కాళ్ళు గుంటలోకి దించాను. యమున నవ్వుతూ లేచి చోటిచ్చింది. నాడె చేతిలో పడగానే ఒళ్ళంతా నాదైంది. అనిల్ మెల్లగా నేశాడు, నా కోసమని తెలుసు. సాయంత్రానికి జానెడు. నేను బతికే ఉన్నాను.

25 మార్చి
ఎడమ కన్ను మూస్తే అంచు ఎరుపు. కుడి కన్ను మూస్తే, ఎడమ కంటికి అదే అంచు వెలిసిపోయిన ఇటుక.

27 మార్చి
చెప్పలేదు. కన్ను సంగతి చెప్తే మగ్గం మీంచి లేపేస్తారు. దీక్ష విడిచాక కూడా సూది మళ్ళీ మొదలుపెట్టలేదు, నేనూ అడగలేదు. అంచులో రెండు చోట్ల పోగు తప్పింది. అనిల్ విప్పి మళ్ళీ వేశాడు. నిద్ర సరిగా లేదన్నాను.

29 మార్చి
గుంటలోంచి కాలు రాలేదు. ఇద్దరు ఎత్తి బయట పెట్టారు.

7 ఏప్రిల్
హైదరాబాద్ నుంచి వచ్చాం. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. ఎన్ని డోసులు మానేశారని డాక్టర్ అడిగాడు. ఎనిమిది. నడవడం మంచిపనే అమ్మా, కానీ సూది పని నడక చెయ్యదు అన్నాడు. అనిల్ నేలచూపులు చూశాడు. నేను అనిల్‌ను చూశాను. తల ఊపింది నేనని ఇద్దరికీ తెలుసు.

8 ఏప్రిల్
ఇంట్లో సూది మాట ఒక్కరూ ఎత్తరు. పెరట్లో చూసిన సంగతి యమున అత్తమ్మకు చెప్పేసింది. మైలల గుడి తిరిగినవంట గదా, అంజన్న ఊకుంటడా అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

అప్పుడు మొత్తం చెప్పాను. కల రాలేదు, అబద్ధం. నడిపించింది ఎక్సర్‌సైజ్. పడేసింది సూది మానడం. ఆ బొమ్మల కాగితం నీ దేవుడి గూట్లోనే ఉంది, చూసుకో అని అరిచాను. ఆమె చెవులు మూసుకుంది. నీ తప్పుకు దేవుణ్ణి అబద్ధం చేస్తవా అంది. అనిల్ లేచి మగ్గం దగ్గరికి పోయాడు. యమున వెనకే పోయింది. రెండు నాడెల చప్పుడు విన్నాను.

15 ఏప్రిల్, మంగళవారం
నా పాపానికి పరిహారంగా అత్తమ్మ ప్రదక్షిణలు మొదలుపెట్టింది. నలభై ఒక్క రోజులు. అరిగిన మోకాళ్ళతో. నా కోసమే. తిట్టడానికి కూడా లేకుండా చేసింది.

20 ఏప్రిల్, ఆదివారం
సూది. జ్వరం. మంచం మీద పడుకునే రాకేష్ సార్ మొదటి బొమ్మ మూడుసార్లు చేశాను. అత్తమ్మ చూసి దుప్పటి కప్పింది.

11 మే, ఆదివారం
అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందట. రాత్రిళ్ళు మంచిగ నిద్ర పడుతోందట. పొద్దున వంటింట్లో కూనిరాగం తీసింది. మనసు గింత అల్కగ ఎన్నడు లేకుండె, అంత అంజన్న దయ అని నా పక్కన కూర్చుని చెప్పింది.

అవును అన్నాను.

చాప పరుచుకోబోతే నన్ను లేవొద్దంది.