కాల్ వస్తే నెట్ తెగేది

నాయనా, ఈరోజు ఆళ్లగడ్డలో మన నెట్ షాపుకు బ్రాడ్‌బ్యాండ్ లైను వచ్చింది. నా సెల్‌ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి నెట్ నడిపే అవస్థ తీరింది.

కాల్ వస్తే నెట్ తెగుతుందని, ఇంటర్ రిజల్ట్స్ రోజు ఎవరూ ఫోన్ చేయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పేవాణ్ని. పోయినేడు నంద్యాల ఆస్పత్రిలో నువ్వు కాస్త తేరుకున్నావని, ఆ రిజల్ట్స్ రోజు షాపు తెరిచాను. మధ్యాహ్నం నీకు ఆయాసం ఎక్కువైందంట. నాకు చేద్దామని అమ్మ ఫోన్ అందుకుంటే నువ్వే ఆపావంట.

"వద్దులే. ఆడ పిల్లోళ్లు మార్కులు చూసుకుంటాంటారు, నెట్టు తెగిపోతాది. సాయంత్రం చేద్దువులే."

సాయంత్రం అమ్మ చేసింది. అప్పటికి నువ్వు లేవు.

కేబుల్ పీకేసి ఫోన్ బల్ల మీద పెట్టాను. ఇప్పుడు నెట్ నడుస్తున్నా ఫోన్ మోగుతుంది నాయనా. ఎప్పుడైనా చేయొచ్చు.