ముందు ఎడమ టైరు

బ్రాక్‌నెల్, ఆదివారం రాత్రి.

తమ్ముడు శ్రీకాంత్ ఇంకా ఫోన్ ఎత్తడం లేదు. మరదలి ఫోన్ స్విచ్ఛాఫ్. పాపతో సహా ముగ్గురూ మధ్యాహ్నం కారులో ఎడిన్‌బర్గ్ బయలుదేరారు. తొమ్మిదికల్లా చేరాలి. ఇప్పుడు పదిన్నర.

మధ్యాహ్నం వాళ్ళు బయలుదేరేటప్పుడు, కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగినప్పుడు చూశాను. ముందు ఎడమ టైరు పక్క భాగంలో, నా చేతిలోని నిమ్మకాయంత ఉబ్బు. నిన్న గుంతలో పడిన టైరు అదే. లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. గాలి సరిచేస్తే పోదు, టైరు మార్చాల్సిందే. వేగంగా పోతుంటే ఎప్పుడైనా పేలవచ్చు. ఇదంతా నాకు తెలుసు.

“శ్రీకాంత్, ఒక్క నిమిషం ఆగరా” అన్నాను.

“బయలెల్లినంక ఆపుతున్నవేందన్నా? ఎనకకు పిలువొద్దని మమ్మల్ని తిట్టేది నువ్వే గదా!” అని వాడు నవ్వాడు. మరదలు మాత్రం నవ్వలేదు, పాపను దగ్గరికి లాక్కుంది.

“ఏం లేదు. మెల్లగ పో” అన్నాను. నిమ్మకాయలు చిట్లాయి. కారు మలుపు తిరిగాక మెసేజ్ పెట్టాను, బండి ఆపి టైరు చూడమని. వాడింకా చూడలేదు.

పోలీసులకు ఫోన్ చేయాలి. ముందే చూసి ఎందుకు ఆపలేదని అడుగుతారు. శకునం చెడుతుందని నోరు మూసుకున్నానని వాళ్ళకెలా చెప్పను?